టెలిగ్రాంలో నేను కొట్టేసిన మాటలు

1984లో నేను యానాంలో ఒక ప్రభుత్వ నిర్మాణాల కార్యాలయంలో అకౌంట్స్ గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. రోడ్లు, కల్వర్టులు, బడిగదులు, ప్రహరీగోడలు కట్టించే ఆఫీసు అది. పెద్దాఫీసు పాండిచ్చేరిలో ఉండేది. అక్కడినుంచి ఒక కాగితం రావాలంటే నాలుగైదు రోజులు, ఒక నిర్ణయం రావాలంటే నాలుగైదు నెలలు పట్టేది. మా కచేరీ గోదావరికి దగ్గరలో ఒక పాత పెంకుటింట్లో ఉండేది. ఒక ఇంజనీరు, ఇద్దరు ఓవర్సీర్లు, ఒక టైపిస్టు, ఒక బంట్రోతు, నేను. అంతే మనుషులం.

నా భార్య పాండిచ్చేరిలో టీచరు. నాకు సొంత ఊరికి బదిలీ అయింది గాని ఆమెకు కాలేదు. మా అమ్మాయి ఆమె దగ్గరే చదువుకునేది. సొంత ఊరన్న మాటే గాని అప్పటికి యానాంలో నావాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. చర్చి వీధికి వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాను. రెండుపూటలా మెస్సులో భోజనం. ఆదివారమైతే బట్టలు ఉతుక్కుని, ఉత్తరం రాసుకుని, ఏటిగట్టు మీద కాసేపు తిరిగి వచ్చేవాణ్ణి. ఆ రోజు మొత్తంమీద నా గొంతు నాకు వినిపించేది మెస్సులో పెరుగు అడిగినప్పుడే.

అందుకేనేమో, ఆఫీసు పని చాలా శ్రద్ధగా చేసేవాణ్ణి. నా చేతిలో ఉన్న పుస్తకాల్లో ముఖ్యమైనది గ్యారంటీల రిజిస్టరు. దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి.

ప్రభుత్వం టెండరు పిలిచి ఎవరికైనా పని అప్పగించేటప్పుడు, ఆ మనిషి సగంలో వదిలేసి పోకుండా హామీ తీసుకుంటుంది. దాన్ని పెర్ఫార్మెన్స్ బాండు అనేవాళ్లం. పని విలువలో కొంత భాగం నగదుగా కట్టవచ్చు. అంత నగదు లేనివాళ్లు బ్యాంకు గ్యారంటీ తెస్తారు. 'ఈ కాంట్రాక్టరు పని సరిగ్గా చేయలేదని మీరు అడిగిన వెంటనే, ఎందుకు ఏమిటి అని ప్రశ్నించకుండా, ఇంత మొత్తం మేము చెల్లిస్తాం' అని బ్యాంకు స్టాంపు కాగితం మీద రాసిచ్చే మాట అది. బ్యాంకు ఊరికే రాసివ్వదు. కాంట్రాక్టరు ఇంటి దస్తావేజులో పొలం కాగితాలో తాకట్టు పెట్టుకునే రాసిస్తుంది.

ఆ గ్యారంటీకి ఒక గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీలోగా అడిగితేనే బ్యాంకుకు బాధ్యత. మర్నాడు అడిగితే అది చిత్తుకాగితం. పని ఆలస్యమైనప్పుడు కాంట్రాక్టరు గడువు పొడిగింపు కాగితం తేవాలి. తేకపోతే, గడువు ముగియకముందే ఆఫీసు బ్యాంకును డబ్బు అడిగేయాలి. ఇలా అడగటాన్ని ఇన్వొకేషన్ అంటారు. ఏ తేదీ ఎప్పుడు వస్తుందో చూసుకోవటం గుమాస్తా పని. ఒక్క తేదీ జారిపోయినా ప్రభుత్వానికి నష్టం, గుమాస్తాకు ఉద్యోగం మీదికి వస్తుంది.

భద్రరావు నా రిజిస్టరులోకి వచ్చింది ఆ ఏడాది మొదట్లో. యానాం పక్కనే ఉన్న అడవిపొలం ఊరి మనిషి. తాపీ పట్టుకుని బతుకు మొదలుపెట్టి, మేస్త్రీ అయి, అరుగులూ మెట్లూ కట్టుకుంటూ చిన్నచిన్న ప్రభుత్వ పనుల దాకా వచ్చాడు. దరియాలతిప్పలో మూడు గదుల బడి కట్టడం ఆయనకు మొదటి పెద్ద పని. నలభై అయిదేళ్లుంటాయి. పిల్లలు లేరు. భార్యాభర్తలిద్దరే. బ్యాంకు గ్యారంటీ కోసం అడవిపొలంలో తాను స్వయంగా కట్టుకున్న డాబా ఇంటి దస్తావేజులు అమలాపురంలో ఒక బ్యాంకులో పెట్టాడు. ఆ చుట్టుపక్కల అత్తవారి ఊరు కావటంతో బ్యాంకులో పరిచయం ఉందట.

గ్యారంటీ కాగితం నాకు ఇచ్చిన రోజు రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు.

"జాగర్తగా పెట్టండి బాబూ. మా ఇల్లండి అది."

"ఇల్లు కాదండి, గ్యారంటీ," అన్నాను నవ్వి.

"ఆయ్, మీకు గ్యారంటీయే. మాకు ఇల్లండి," అని ఆయనా నవ్వాడు.

పని బాగానే మొదలైంది. కాని దరియాలతిప్ప పని అంటే మామూలు పని కాదు. వాన పడితే మట్టిరోడ్డు మీద లారీ దిగబడిపోయేది. ఇటుక, కంకర, సిమెంటు పడవల మీద చేరవేసుకోవాలి. అక్కడి నీళ్లు ఉప్పు. కాంక్రీటుకు మంచినీళ్లు కూడా పీపాల్లో పడవ మీదే తేవాలి. మే నెలలో సిమెంటు దొరక్క నెల పోయింది. జూలైలో వానలకు ఇంకో నెల పోయింది. మా ఇంజనీరుగారు న్యాయమైన మనిషి. కారణాలు రాసి, పని గడువు డిసెంబరు దాకా పొడిగించారు. కాని బ్యాంకు గ్యారంటీ గడువు ఆగస్టు ముప్పై ఒకటితో అయిపోతుంది. దాన్ని కూడా పొడిగించి తెమ్మని భద్రరావుకు రెండుసార్లు ఉత్తరం రాశాను. ఒకసారి మనిషి ఎదురుపడితే చెప్పాను.

"శ్లాబు వేసేసి వెళ్తానండి. సెంట్రింగు కట్టేశాను. ఇప్పుడు వదిలేసి పోతే మేస్త్రీలు చెదిరిపోతారండి," అన్నాడు.

"తేదీ ఆగదు భద్రరావుగారూ."

"తెచ్చేత్తానండి. తేకుండా ఉంటానా?"

శ్లాబు వేశాడు. ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున్నే పంటు మీద ఏరు దాటి ఎదుర్లంక రేవులో దిగి, అక్కడ బస్సెక్కి అమలాపురం వెళ్లాడు. ఆ సాయంత్రానికి గోదావరి వరదనీటితో ఎర్రబడింది. మర్నాడు పంటు ఆగిపోయింది. నాటుపడవల వాళ్లు కూడా ఏట్లోకి దిగలేదు. అవతల ఎగువన ఎక్కడో గట్టుకు గండి పడి రోడ్డు మీదికి నీళ్లొచ్చాయని, చుట్టు తిరిగి వచ్చే బస్సులు కూడా లేవని చెప్పుకున్నారు.

ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం దాకా చూశాను. భద్రరావు రాలేదు. అమలాపురం బ్యాంకుకు ట్రంక్ కాల్ బుక్ చేశాను. రెండు గంటలు కూర్చున్నా లైను దొరకలేదు. ఇంజనీరుగారు దగ్గరికి పిలిచి, "తంతి ఇచ్చేయండి ప్రకాశరావూ. రేపటికి బ్యాంకులో మన డిమాండు ఉండాలి. లేకుంటే ఇద్దరం జవాబు చెప్పాలి," అన్నారు.

టెలిగ్రాం ముసాయిదా రాశాను. ఇంగ్లీషులో రాసినా దాని అర్థం ఇది: 'ఫలానా నంబరు గ్యారంటీ గడువు పొడిగించండి, లేని పక్షంలో పూర్తి మొత్తం వెంటనే చెల్లించండి.' మా పనిలో అలా రాయటమే పద్ధతి. పొడిగింపు ఇస్తే డబ్బు అక్కర్లేదు. ఇవ్వకపోతేనే డబ్బు.

అంతకు కొన్ని నెలల ముందు ఆడిటువాళ్లు వచ్చి, మా ఆఫీసు టెలిగ్రాంలు పొడుగ్గా ఉన్నాయని, మాటకింత చొప్పున ప్రభుత్వ సొమ్ము వృథా అవుతోందని రాసిపోయారు. ఆ కొద్దిపాటి డబ్బు నా జీతంలోనే కోశారు. ఆ ఉక్రోషం నాలో ఇంకా ఉంది. మూడుసార్లు చెప్పినా చివరి దాకా బ్యాంకుకు వెళ్లలేదని భద్రరావు మీద కూడా కొంత కోపం ఉంది. ఈ వరదలో పొడిగింపు ఎవరు తెస్తారులే అనుకున్నాను. కలం తీసి 'గడువు పొడిగించండి, లేని పక్షంలో' అన్న ముక్క కొట్టేశాను. 'పూర్తి మొత్తం వెంటనే చెల్లించండి' అన్నది మిగిలింది. ఇంజనీరుగారు హడావుడిలో సంతకం పెట్టారు. నేనే స్వయంగా తపాలా ఆఫీసుకు వెళ్లి ఇచ్చి, రసీదు తెచ్చి ఫైల్లో పెట్టాను. పని సకాలంలో చేశానన్న తృప్తితో ఆ రాత్రి బాగా నిద్రపోయాను.

సోమవారం పంటు మళ్లీ కదిలింది. పదకొండు గంటలకు భద్రరావు ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. మాసిన గడ్డం, బురద పంచె. నవ్వుతున్నాడు. చొక్కా లోపలినుంచి నూనెగుడ్డ పొట్లం తీసి, విప్పి, పొడిగింపు కాగితం నా బల్ల మీద పెట్టాడు. ముప్పయ్యో తారీఖు పొద్దున బ్యాంకు ఇచ్చిన కాగితం అది. గడువు మార్చి దాకా పొడిగించారు.

"గురువారం మధ్యాన్నానికే ఎదుర్లంక వచ్చేశానండి. ఏరు చూత్తే సముద్రం. ఎంత ఇత్తానన్నా ఒక్కడూ పడవ తియ్యలేదు. మూడు రోజులు రేవులో పాక కింద కూచున్నాను. ఇటుపక్క కొబ్బరిచెట్లు కనపడతానే ఉన్నాయండి. మీ ఆఫీసు ఏ చెట్ల వెనకాల ఉందో గుర్తు పట్టుకున్నాను కూడా. కాయితం జేబులో ఉంది కదా, ఏం పరవాలేదులే అనుకున్నాను."

"మేం తంతి ఇచ్చేశాం," అన్నాను.

"ఇత్తే ఇచ్చారండి. కాయితం వచ్చేసింది కదా."

నేనూ అలాగే అనుకున్నాను. గ్యారంటీ పొడిగించింది ఆ బ్యాంకే. ఇంకేమవుతుంది అని రిజిస్టరులో కొత్త తేదీ రాసేశాను.

గురువారం నాడు రిజిస్టరు పోస్టులో బ్యాంకు కవరు వచ్చింది. లోపల మా ఆఫీసు పేర గ్యారంటీ మొత్తానికి డ్రాఫ్టు ఉంది. దానితో ఒక ఉత్తరం. నా మనసులో అది ఇప్పటికీ తెలుగులోనే ఉండిపోయింది: 'సదరు గ్యారంటీ గడువును మేము ఇదివరకే పొడిగించి యున్నాము. అయినను తమ డిమాండు షరతు లేనిదిగా ఉన్నందున, గ్యారంటీ నిబంధనల ప్రకారం పూర్తి మొత్తం పంపుతున్నాము.'

ఫైలు తీసి టెలిగ్రాం నకలు చూశాను. కొట్టేసిన మాటలు సిరా గీత కింద స్పష్టంగా కనిపిస్తున్నాయి. టైపిస్టు రెండుసార్లు ఏదో అడిగితే వినపడలేదు.

డ్రాఫ్టు వెనక్కి పంపేద్దామని ఇంజనీరుగారిని అడిగాను. ఆయన తమిళులు. కోపం వచ్చినా, బాధ కలిగినా నెమ్మదిగా తెలుగు వెతుక్కుని మాట్లాడేవారు.

"గవర్నమెంటు పేర వచ్చిన డ్రాఫ్టు మనం వాపసు ఇవ్వటానికి లేదు. ట్రెజరీలో కట్టండి. వాపసు కోరుతూ పెద్దాఫీసుకు నోటు రాయండి. నేను సిఫార్సు చేస్తాను."

నోటు రాశాను. వరద గురించి రాశాను, పంటు ఆగిన తేదీలు రాశాను, పొడిగింపు కాగితం నకలు జతచేశాను. రాయవలసిన అసలు సంగతి ఒక్కటే. డిమాండు 'పొడిగించండి లేదా చెల్లించండి' అని ఉండాల్సింది, గుమాస్తా పొరపాటున సగం మాటలు తీసేశాడు అని. అది రాయలేదు. రాద్దామనే కలం పెట్టాను. ఉద్యోగం, దూరాన ఉన్న పెళ్లాం పిల్ల, ఆవిడ బదిలీ కోసం పెట్టిన అర్జీ, అన్నీ కళ్లముందు నిలిచాయి. అవసరమైతే వాళ్లే అడుగుతారులే అని సర్దుకున్నాను.

వాళ్లు అడగలేదు. నవంబరులో జవాబు వచ్చింది. 'గడువు తేదీకి పొడిగింపు అందనందున కార్యాలయం తీసుకున్న చర్య సక్రమమే. వాపసు ప్రశ్న ఉదయించదు.' కింద ఇంకో వాక్యం ఉంది. వరద పరిస్థితుల్లో కూడా ప్రభుత్వ ప్రయోజనాన్ని సకాలంలో కాపాడిన సిబ్బందిని అభినందిస్తున్నామని. ఇంజనీరుగారు దాన్ని పైకి చదివి నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను. అణకువ అనుకున్నారేమో.

ఈలోగా బ్యాంకు భద్రరావు మీద ఒత్తిడి పెట్టింది. బ్యాంకు చెల్లించిన మొత్తం ఇప్పుడు ఆయన బాకీ. చేతిలో ఉన్న డబ్బంతా దరియాలతిప్ప గోడల్లో ఉంది. కొత్త కాంట్రాక్టరుకు అప్పివ్వటానికి వడ్డీవ్యాపారులు కూడా జంకారు. నోటీసు దాకా తెచ్చుకోకుండా ఆయనే ఇల్లు బేరం పెట్టి, యానాంలో ఒక వ్యాపారికి అమ్మి, బ్యాంకు బాకీ తీర్చేశాడు. ఆ వ్యాపారి డాబాను సామాన్లు పెట్టుకునే గొడౌను చేసుకున్నాడు.

నాకు ఆ సంగతి మెస్సులో తెలిసింది. పక్క బల్ల మీద ఎవరో అంటున్నారు. "పాపం, మేస్త్రీ భద్రం మునిగిపోయాడంటగా." "ఎలాగ?" "ఏమోనండి, ఆఫీసులో ఏదో తేదీ దాటిపోయిందంట." నేను చారు కలుపుకున్న అన్నం వదిలేసి లేచిపోయాను.

యానాం చిన్న ఊరు. ముఖం చాటేయాలన్నా కుదరదు. భద్రరావు వారానికి రెండుసార్లయినా బజారులో ఎదురయ్యేవాడు. సైకిలు దిగి, "నమస్కారమండి ప్రకాశరావుగారూ," అనేవాడు. ఎప్పటిలాగే. ఆ నమస్కారం అందుకోవటం నాకు చాలా కష్టంగా ఉండేది. ఆయన వచ్చే వీధి తెలిసి పక్క సందులోకి తిరిగిన రోజులున్నాయి. ఇంటికి రాసే ఉత్తరాల్లో వానల గురించి, చేపల ధర గురించి రాసేవాణ్ణి. దీని గురించి ఒక్క ముక్కా రాయలేకపోయాను. చెప్పుకోవటానికి ఇంకెవరూ లేరు. ఓవర్సీర్లతో చెబితే ఊరంతా తెలుస్తుంది. ఇంజనీరుగారితో చెబితే ఆయన సంతకం కూడా దాని మీద ఉంది.

పని మాత్రం భద్రరావు వదల్లేదు. డిసెంబరు రెండో వారంలో, బడి పూర్తయింది, కొలతలు తీసుకోండి అని కబురు పంపాడు. బిల్లు తయారుచేసే ముందు ఓవర్సీరు కొలతలు తీయటం, గుమాస్తా వాటిని పుస్తకంతో సరిచూడటం మామూలే. గుమాస్తా పని జరిగేచోటికి వెళ్లనక్కర్లేదు. అయినా ఓవర్సీరు వెంట వెళ్లాను. ఎందుకు వెళ్లానో సరిగ్గా చెప్పలేను.

బడి ముచ్చటగా ఉంది. పునాది మనిషి నడుమెత్తు లేపాడు. గోడ మూలలు దారం పట్టినట్టున్నాయి. ఓవర్సీరూ భద్రరావూ టేపు పట్టుకుని లోపలికి వెళ్లారు. బయట, సిమెంటు బస్తాలు పెట్టుకోవటానికి వేసిన తాటాకుల పాక ఉంది. దాని ముందు పొయ్యి, బిందెలు, తాడు మీద ఆరేసిన చీర. అప్పుడు అర్థమైంది, వాళ్లు ఉంటున్నది అక్కడేనని.

ఆయన భార్య మంగతాయారు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. ఎండకు కమిలిన ముఖం. పైటకొంగు భుజం నిండా కప్పుకుని ఓ పక్కగా నిలబడింది.

"మీరేనాండి, ఆఫీసులో లెక్కలు చూసేవారు?"

"అవునమ్మా."

"మిమ్మల్ని ఒకటి అడగాలనుకున్నానండి. ఏమనుకోకండి. ఆయన కాయితం తెచ్చారు కదండీ. ముప్పయ్యో తారీకునే తెచ్చారంట. బేంకోళ్లు కూడా ఇచ్చామంటున్నారంట. మరి ఇల్లెందుకు పోయిందండి?"

నేను నీళ్లు తాగుతున్నట్టు గ్లాసు పైకెత్తాను.

"ఆయన్ని అడిగితే, గవర్నమెంటు రూలే అలాంటిది అంటారండి. మన కర్మ అంటారు. ఆలీసెం చేశాను, తప్పంతా నాదే అంటారు. నిద్దట్లో కూడా అదే మాటండి. మీకు తెలిసే ఉంటది కదాండి, అందుకని అడుగుతున్నాను."

"చూసి చెప్తానమ్మా," అన్నాను.

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. చూడవలసిందేమీ లేదు. ఇల్లు పోయిందన్నది ఒక ఎత్తు. ఆ మనిషి తప్పు తనదేనని నమ్ముకుని కుమిలిపోతున్నాడన్నది ఇంకో ఎత్తు. ఆ రెండోదాన్ని నేను ఆపగలిగి ఉండీ ఆపలేదు. తిరుగుదారిలో ఓవర్సీరు సైకిలు తొక్కుతూ ఏవేవో కబుర్లు చెబుతుంటే ఊ కొడుతూ వచ్చాను. గదికి చేరి, తలుపు వేసుకుని, చాపమీద కూర్చుని చాలాసేపు గోడవైపు చూశాను. ఆ రోజు ఎవరైనా ఒక్కరు నా గదికి వచ్చి 'ఏమైంది?' అని అడిగి ఉంటే, అంతా చెప్పేసేవాణ్ణి. ఎవరూ రాలేదు.

మర్నాడు ఆఫీసులో రెండో నోటు రాశాను. ఇది పొడుగ్గా లేదు. టెలిగ్రాం ముసాయిదాలో ఉన్న మాటలేమిటి, నేను కొట్టేసినవేమిటి, ఎందుకు కొట్టేశాను, మొదటి నోటులో ఈ సంగతి ఎందుకు చెప్పలేదు. నకలు జతచేసి ఇంజనీరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇప్పుడెందుకిది? ఫైలు మూసేశారు కదా?"

"ఇల్లు పోయింది సార్."

"ఇది పంపితే ఇల్లు రాదు. మీకు మెమో మాత్రం వస్తుంది."

"రానివ్వండి సార్."

ఆయన నోటు తన ముందుకు లాక్కున్నారు. తర్వాత, "సంతకం నాది కూడా," అని నోటు కింద తన వంతుగా రెండు వాక్యాలు రాసి, చదవకుండా సంతకం పెట్టిన తప్పు ఒప్పుకున్నారు. ఆయన అలా రాస్తారని నేను అనుకోలేదు.

నోటు తపాలాలో పడ్డాక దరియాలతిప్ప వెళ్లాను. ఈసారి ఒక్కణ్ణే. భద్రరావు బడి కిటికీలకు రంగు వేయిస్తున్నాడు. పాక ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. టెలిగ్రాం కాగితం మీద ఏముండాలో, ఏముందో, మధ్యలో నేనేం చేశానో. "మీరు ఆలస్యం చేసినా ఇల్లు పోయేది కాదు. నేను ఆ మాటలు ఉంచి ఉంటే బ్యాంకు పొడిగించామని జవాబిచ్చేది. తప్పు మీది కాదు, నాది," అన్నాను.

మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భద్రరావు చేతికి అంటిన రంగును గోటితో గీరుకుంటూ కూర్చున్నాడు.

"ఎన్ని మాటలండి?" అన్నాడు చివరికి.

"నాలుగైదు."

"వాటికి ఎంతయ్యేదండి?"

"రూపాయికి అటూ ఇటూ."

తల ఊపాడు. కోపం లేదు. ఏడుపూ లేదు. "ఇల్లు అమ్మకముందు చెప్పుంటే బాగుండేదండి," అన్నాడు. లేచి కిటికీల దగ్గరికి వెళ్లిపోయాడు. మంగతాయారు నన్ను సాగనంపటానికి నాలుగడుగులు వచ్చి ఆగింది. "ఇవాళన్నా ఆయన పడుకుంటారేమోనండి," అంది. అంతే.

పాండిచ్చేరి నుంచి నాకు మెమో వచ్చింది. విచారణ జరిగింది. ఒక ఇంక్రిమెంటు ఆపారు. సర్వీసు పుస్తకంలో మందలింపు రాశారు. నా భార్య బదిలీ అర్జీ మాట మళ్లీ ఎత్తే ధైర్యం చాలాకాలం చేయలేకపోయాను. ఇంజనీరుగారిని వేరే ఊరికి వేశారు. వెళ్లేటప్పుడు నాతో చేయి కలిపారు గాని ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. ఆఫీసులో ఓవర్సీర్లు నా దగ్గర మాట్లాడటం తగ్గించారు. నా మీద నేనే కంప్లయింటు రాసుకున్నవాణ్ణి, రేపు వాళ్ల మీద రాయనని నమ్మకమేమిటి? మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకుని వాళ్లు వరండాలో కూర్చునేవారు. నేను మెస్సుకు వెళ్లి వచ్చేవాణ్ణి.

ఏడాదికి పైగా గడిచాక, 1986 మొదట్లో, భద్రరావుకు గ్యారంటీ మొత్తం వాపసు మంజూరైంది. చెక్కు నా చేతి మీదుగానే ఇచ్చాను. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకున్నాడు. ఆ డబ్బుతో పాత ఇల్లు రాదు. గొడౌను చేసుకున్నాయన అమ్మనన్నాడట. వాళ్లు అగ్రహారంలో చిన్న స్థలం కొనుక్కుని రెండు గదులు వేసుకున్నారని విన్నాను. ఆయన మళ్లీ టెండరు వేయలేదు. ఇళ్లకు తాపీపని చేసుకున్నాడు.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. నేను నిజం చెప్పనంతకాలం బజారులో ఎదురైనప్పుడల్లా సైకిలు దిగి నమస్కారం పెట్టిన మనిషి, చెప్పిన తర్వాత ఎప్పుడూ పెట్టలేదు. నన్ను చూసి చూపు తిప్పుకుని వెళ్లిపోయేవాడు. అది ఆయన హక్కు. మొదట్లో బాధనిపించింది. తర్వాత అర్థమైంది, ఇదే సరైన లెక్క అని. ఆ మొదటి నమస్కారాలే నావి కావు.

ఆ కేసు తర్వాత నేను పద్ధతి మార్చుకున్నాను. ఏ గ్యారంటీ గడువైనా నెలరోజుల్లోకి రాగానే ఉత్తరం రాసి ఊరుకునేవాణ్ణి కాదు. సాయంత్రం ఆఫీసు అయ్యాక సైకిలు మీద ఆ కాంట్రాక్టరు ఇంటికే వెళ్లేవాణ్ణి. తేదీ చెప్పి, బ్యాంకుకు ఎప్పుడు వెళ్తున్నారో అడిగి, వారం తర్వాత మళ్లీ వెళ్లేవాణ్ణి. టెలిగ్రాం ఇవ్వాల్సి వస్తే పూర్తి మాటలు రాసి, పైకం ఎక్కువైతే నా జేబులోంచి కట్టేవాణ్ణి. రూలు ప్రభుత్వాన్ని కాపాడేలా రాసి ఉంటుంది. అవతలివాణ్ణి కాపాడటం దానిలో రాసి ఉండదు. ఎవరో ఒక గుమాస్తా తన కాళ్లతో నడిచి వెళ్లి చేయాల్సిందే గాని, రాతలో దానికి చోటు లేదు.

కాని ప్రభుత్వ గుమాస్తా కాంట్రాక్టర్ల ఇళ్లకు తిరిగితే లోకం ఏమనుకుంటుందో తెలిసిందే. మామూళ్ల కోసం తిరుగుతున్నాడని పేరొచ్చింది. ఆఫీసులో నవ్వుకున్నారు. బజారులో ఒకరిద్దరు నా ముందే అన్నారు. ఎందుకు తిరుగుతున్నానో చెప్పాలంటే భద్రరావు కథంతా చెప్పాలి. ఆయన పరువు బజారున పెట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను.

ఒక సాయంత్రం కొత్తగా కల్వర్టు పని తీసుకున్న ఒకాయన ఇంటికి వెళ్లాను. ఆయన లేడు. భార్య వచ్చి కుర్చీ వేసింది. నేను తేదీ సంగతి చెబుతుండగానే లోపలికి వెళ్లి, ఒక కవరు తెచ్చి నా ముందు స్టూలు మీద పెట్టి, తలవంచుకుని నిలబడింది.

"ఇదేంటమ్మా?"

"మీరు వత్తారని మా ఆయన చెప్పారండి. వత్తే ఇమ్మన్నారు."

కవరు ఆమె వైపు జరిపాను. చీటీ మీద తేదీ పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. "ఈ రోజులోపు బ్యాంకుకు వెళ్లి పొడిగింపు తెచ్చుకోమనండి. ఏటికి వరదొచ్చే కాలం, ముందే వెళ్లమనండి. ఇది చెప్పటానికే వచ్చాను."

ఆమె చీటీ వైపు, నా వైపు నమ్మకం లేనట్టు చూసింది.

"ఇందుకోసమా అండి, ఇంత దూరం వచ్చారు?"

"ఇందుకోసమేనమ్మా," అని సైకిలు తీసుకున్నాను.